లోపలి వైపు బొట్లు

నేను ఒక ఇనుప జాలీని. దోమలు రాకుండా కిటికీకి కొట్టే జాలీ అనుకునేరు, కాదు. స్టీలు కంచాలు తయారుచేసే పవర్ ప్రెస్సుకు ముందువైపు బిగించవలసిన జాలీని. ప్రెస్సు సంగతి తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెబుతాను. కింద అచ్చు, పైన బరువు. మధ్యలో రేకు పెట్టి కాలితో మీట నొక్కితే బరువు దబ్బున దిగి రేకును కంచం చేస్తుంది. మధ్యలో ఉన్నది రేకా, మనిషి చెయ్యా అని ప్రెస్సు చూసుకోదు. ఆ చూసుకోవలసింది నేను. నేను పుట్టిందే అందుకు.

విశాఖపట్నం శివార్లలో ఒక వెల్డింగు షాపులో నన్ను తయారుచేశారు. చుట్టూ ఇనుప చట్రం, మధ్యలో జాలీ, పైన అరచెయ్యి వెడల్పున రేకు పట్టీ. ఒళ్ళంతా పసుపు రంగు వేశారు. ముందువైపు పట్టీ మీద పెయింటరు ఎర్రగా ‘ప్రమాదం’ అని రాసి, పక్కన ఒక చెయ్యి బొమ్మ గీశాడు. ఐదు వేళ్ళూ విప్పుకున్న చెయ్యి. చక్కగా కుదిరిందని తనే కాసేపు చూసుకుని మురిసిపోయాడు. నాకూ గర్వంగానే అనిపించింది.

నన్ను కొన్నది సోమేశ్వరరావు. చిన్న షెడ్డు, కొద్దిమంది పనివాళ్ళు, నోరు తెరిస్తే ‘మనమంతా ఒకే కుటుంబం’ అనే మనిషి. చెడ్డవాడని నేను అనను. పండక్కి అందరికీ బట్టలు పెట్టేవాడు, ఎవరింట్లో జ్వరమొచ్చినా అడిగేవాడు. కాకపోతే నాతో అతనికి పడలేదు. నేను ప్రెస్సుకు ఉంటే రేకును పట్టకారుతో లోపలికి తోసి, పట్టకారుతోనే కంచాన్ని బయటికి లాగాలి. పని నెమ్మదిస్తుంది. నేను లేకపోతే చేత్తో పెట్టి చేత్తో తియ్యొచ్చు. నన్ను బిగించిన వారం తిరక్కుండానే ఒకరోజు తనే స్పానరు పట్టుకొచ్చి బోల్టులు విప్పి, గోడకున్న మేకుకు తగిలించాడు. అదీ తిరగేసి, ముఖం గోడవైపు పెట్టి. ఆ ఎర్ర అక్షరాలు ఎదురుగా కనబడుతుంటే పనివాళ్ళు బెదిరిపోతారట. ప్రమాదం ఉన్నందుకు కాదు, అది కనబడుతున్నందుకు మనుషులు ఇబ్బంది పడతారని నాకు అప్పుడే తెలిసింది.

ఆ ప్రెస్సు మీద పనిచేసేవాడు అసిరినాయుడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. మాట తక్కువ, చెయ్యి చురుకు. రేకు పెట్టడం, మీట నొక్కడం, కంచం లాగడం మూడూ ఒకే పనిలా చేసేవాడు. పొద్దున్నే వచ్చి చొక్కా విప్పి నాకే తగిలించేవాడు, దాని మీద టిఫిను సంచి. చేతుల్ని కాపాడవలసినదాన్ని చొక్కాల్ని కాపాడుతూ బతికాను. మొదట్లో చిన్నతనంగా ఉండేది. తర్వాత తర్వాత ఆ చొక్కా చెమట వాసన కూడా అలవాటైపోయింది. నాకు ఎదురుగానే ఆ చెయ్యి లోపలికి వెళ్ళేది, వచ్చేది. అది వచ్చిన ప్రతిసారీ హమ్మయ్య అనుకునేదాన్ని.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం నన్ను కూడా ఒక పనిముట్టుగా లెక్కవేసేవారు. అది దసరా నాటి ఆయుధపూజ. షెడ్డు ఊడ్చి, రేకు ముక్కలు ఏరే నూకరత్నం ఆరోజు తలస్నానం చేసి, పళ్ళెంలో పసుపు, కుంకుమ, కాస్త నూనె పెట్టుకుని వచ్చేది. ఏ వస్తువునూ కదపకూడదని ఆమె పట్టింపు. ఎక్కడున్నదానికి అక్కడే బొట్టు పెట్టాలి, ఉంగరపు వేలితోనే పెట్టాలి. ప్రెస్సులకు, స్పానర్లకు, చివరికి తన చీపురుకు కూడా పెట్టి, నా దగ్గరికి వచ్చేది. అసిరినాయుడు తన చొక్కా తీసి పట్టుకుని నిలబడేవాడు. పట్టీ మీద నూనెలో తడిపిన బొట్టు పెట్టి, దండం పెట్టుకునేది. నేను ఎందుకు ఉన్నానో ఆమెకు తెలుసో లేదో గానీ, నన్ను మరిచిపోని మనిషి ఆమె ఒక్కతే. పాత బొట్టు పక్కన కొత్త బొట్టు, అలా నా వీపంతా బొట్లయింది. వీపు అంటున్నాను గానీ, నిజానికి అది నా లోపలి వైపు. ప్రెస్సుకు బిగిస్తే అచ్చుకు ఎదురుగా ఉండే వైపు.

అది పెళ్ళిళ్ళ రోజులు. కంచాలకు గిరాకీ. త్వరగా, ఇంకా త్వరగా అంటూ సోమేశ్వరరావు షెడ్డులో తిరుగుతున్నాడు. అసిరినాయుడు రేకు పెట్టాడు, అది కాస్త పక్కకు జరిగింది. సర్దడానికి చెయ్యి మళ్ళీ లోపలికి పెట్టాడు. కాలు అప్పటికే మీట మీద ఉంది.

ఆ అరుపు సంగతి రాయను. కుడిచేతి నాలుగు వేళ్ళు పోయాయి, బొటనవేలు మిగిలింది. అతన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అతని చొక్కా నా మీదే ఉండిపోయింది. సోమేశ్వరరావు ఆ చొక్కా తీసి పక్కన పెట్టి, నన్ను మేకు మీద నుంచి దింపి, ప్రెస్సుకు బిగించాడు. అన్ని బోల్టులూ, గట్టిగా. ప్రెస్సు ఇంకా తడిగానే ఉంది. ఇన్నేళ్ళు నేను ఎదురుచూసిన చోటికి అలా చేరాను. ఏడవడం వస్తే ఆ రోజు ఏడ్చేదాన్ని.

కట్టు విప్పకముందే అసిరినాయుడు ఒకసారి షెడ్డుకు వచ్చాడు. అతన్ని చూసి సోమేశ్వరరావు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అవి దొంగ కన్నీళ్ళు కావు, నేను ఎదురుగా ఉన్నాను. ఇక్కడే అసిరినాయుడు ఒక పొరపాటు చేశాడు. అతనివంటి మనిషి తప్ప ఎవరూ చెయ్యని పొరపాటు. ఎదుటివాడు ఏడుస్తుంటే చూడలేక, తన నొప్పి పక్కన పెట్టి యజమానిని ఓదార్చాడు.

“మీరు ఏడవకండి బాబూ. నాదే పరాకు. మీరేటి సేత్తారు,” అన్నాడు.

నలుగురి ముందు అన్న ఆ మాట షెడ్డు దాటి వెళ్ళింది. ఎవరు ఏ సలహా ఇచ్చారో, సోమేశ్వరరావు కన్నీళ్ళు ఆరిపోయాయి. చెయ్యి మానాక అసిరినాయుడు పనికి వస్తే గేటు దగ్గరే ఆపేశారు. జాలీని అతనే విప్పాడు, అతని నిర్లక్ష్యం వల్లే ఇదంతా జరిగింది, తప్పు తనదేనని తనే ఒప్పుకున్నాడు, కాబట్టి పనిలోంచి తీసేశాం అన్నారు. నేను ఆ ప్రెస్సు మీదే కూర్చుని ఇదంతా విన్నాను. ఓదార్పుగా అన్న మాటను ఇలా వాడుకోవచ్చని నాకు తెలియదు. పాపం, అతనికీ తెలియదు.

తర్వాతి సంగతి చాలాకాలానికి అతను చెప్పగా విన్నాను. ఎవరో వకుళాదేవి అనే లాయరు దగ్గరికి తీసుకెళ్ళారట. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం హక్కేగానీ దయ కాదని, పనిలోంచి తియ్యాలంటే ముందు విచారణ జరిపి అతని మాట వినాలని, నోటిమాటతో గేటు మూసెయ్యడం కుదరదని ఆవిడ చెప్పింది. కానీ ఒక చిక్కుందని కూడా చెప్పింది. కాపాడే జాలీని అతనే కావాలని తీసేశాడని రుజువైతే పరిహారమూ దక్కదు, ఉద్యోగమూ దక్కదు. కాబట్టి అంతా నా మీదకు వచ్చి ఆగింది. నన్ను విప్పింది ఎవరు? అసిరినాయుడికి పరిహారం కన్నా అదే పెద్ద బాధగా ఉండేదట. పనితనం తెలిసినవాడు నిర్లక్ష్యం అనే మాట మొయ్యలేడు.

లేబర్ కోర్టుకు నన్ను తీసుకొచ్చింది సోమేశ్వరరావే. ఎంత గట్టి జాలీ పెట్టామో చూడండని చూపించడానికి. బల్ల మీద ముఖం పైకి పెట్టారు. ప్రమాదం అన్న అక్షరాలు, చెయ్యి బొమ్మ, గోడవైపే ఉండిపోయినందువల్ల రంగు చెక్కుచెదరలేదు. చూడ్డానికి నేను బాగానే ఉన్నాను. అంత బాగుండటమే తప్పని ఎవరికీ తోచలేదు. సాక్షిగా నూకరత్నాన్ని కూడా అతనే తెచ్చాడు. షెడ్డులో జాలీ ఉండేదా అని అతని లాయరు అడిగాడు. ఉండీదండి అంది. అది చాలన్నట్టు ఆయన కూర్చున్నాడు.

వకుళాదేవి లేచి, అసిరినాయుడి దగ్గర విన్నదాన్ని పట్టుకుని, దసరా పూజలో దీనికి కూడా బొట్టు పెట్టేదానివా అని అడిగింది. అసిరినాయుడు వెనక బెంచీ దగ్గర కుడిచేతిని తువ్వాలు కింద దాచుకుని నిలబడి ఉన్నాడు. నూకరత్నం అతన్ని చూసింది, సోమేశ్వరరావును చూసింది. తర్వాత బల్ల దగ్గరికి వచ్చి, అడక్కుండానే నన్ను రెండు చేతులతో ఎత్తి తిరగేసింది. నూనెకు అంటుకుపోయిన బొట్లు, పాతవీ కొత్తవీ, వరసగా.

“ఈ బొట్లు నానే ఎట్టాను బాబూ. ఏటేటా దసరాకి గోడకి ఉండగానే ఎట్టాను. ఇది మిషనుకి బిగించుంటే ఇటేపు నా సెయ్యి ఎలాగెల్తాది? అసిరినాయుడు దీన్ని ఇప్పనేదు. ఇప్పడానికి ఇది అక్కడ నేదు.”

నాకు నోరు లేదని జీవితమంతా బాధపడ్డాను. ఆ రోజు ఆమె నోరు అరువు తెచ్చుకున్నట్టయింది.

తీర్పు అసిరినాయుడి వైపే వచ్చింది. పరిహారం ఇవ్వాలన్నారు, అతను చెయ్యగలిగిన పనిలోకి తిరిగి తీసుకోమన్నారు. సోమేశ్వరరావు తీసుకున్నాడు. ఇప్పుడు అసిరినాయుడు స్టోరులో కంచాలకు కాగితాలు చుట్టి పేరుస్తాడు, ఎడమచేత్తో, నెమ్మదిగా. నన్ను ప్రెస్సుకు బిగించారు, ముఖం బయటికి. కొత్తగా వచ్చినతను పట్టకారుతో పనిచేస్తాడు. పని ఆలస్యమవుతోందని సోమేశ్వరరావు గొణుగుతాడు గానీ స్పానరు ముట్టుకోడు. ఎన్ని చేతుల్ని కాపాడినా, నా ఎదురుగా పోయిన చెయ్యి నా లెక్కలో తగ్గదు. నేను చెయ్యగలిగిందేమీ లేదని తెలుసు. అయినా తగ్గదు.

ఇక నూకరత్నం. కోర్టులో మాట్లాడిన మర్నాడే ఆమెను రావద్దన్నారు. ఈసారి కారణం కూడా చెప్పలేదు. అసిరినాయుడే ఆమెను వకుళాదేవి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ కేసు ఇంకా నడుస్తోంది, అందులో సాక్షి అతను.

ఈ దసరాకు షెడ్డు ఊడ్చారు, గుమ్మడికాయ తెచ్చారు. పసుపు కుంకుమల పళ్ళెం బల్ల మీద ఉండిపోయింది. ఎవరు పెట్టాలో ఎవరికీ తోచలేదు. కాసేపటికి అసిరినాయుడు స్టోరులోంచి వచ్చి పళ్ళెం అందుకున్నాడు. అలవాటు కొద్దీ కుడిచెయ్యి ముందుకు చాచి, ఆగిపోయాడు. బొట్టు పెట్టే వేలు ఆ చేతికి లేదు. ఎడమచేత్తో బొట్టేమిటని ఎవరో అనబోయారు గానీ అనలేదు.

“రత్నమ్మ నేదు కదా. ఈ ఏడు నానే ఎట్టాలి,” అన్నాడు.

ఎడమచేతి వేలు నూనెలో ముంచి, కుంకుమ అద్ది, నా ముఖం మీద, ఆ ఐదు వేళ్ళ బొమ్మ పక్కన పెట్టాడు. బొట్టు వంకరగా వచ్చింది. దాన్ని తుడిచి మళ్ళీ పెట్టబోయి, ఆ బొమ్మ వైపు చూస్తూ అలాగే నిలబడిపోయాడు.