ఎవరిదీ కాని ఇప్పచెట్టు

వాగు పక్కనుంచి అడవిలోకి పోయే నడకబాటకు ప్రేమ్‌సింగ్ కాపలాదారు. యూనిఫాం కొత్తది, జీతం చిన్నది, గర్వం మాత్రం తమ లంబాడీ తండా మొత్తానికి సరిపోయేంత. భూపాలపల్లి నుంచి కార్లలో వచ్చేవాళ్లు చల్లగా నడవాలని అటవీ శాఖవాళ్లు ఆ బాట వేశారు. ఒకపక్క వాగు, ఇంకోపక్క ఇనుప కంచె, నడుమ వాగు మీద వెదురు వంతెన. తరాలుగా తిరిగిన దారికి గేటు పడినా, తాళంచెవి తమ పిల్లవాడి జేబులోనే ఉంది కదా అని తండావాళ్లు సర్దుకున్నారు.

వంతెన దగ్గరి ఇప్పచెట్టు ప్రేమ్‌సింగ్ వాళ్లది. కాగితం చూపమంటే తండాలో నవ్వుతారు. ఏ చెట్టు కింద ఏ ఇల్లు ఏటేటా ఊడుస్తుందో, అక్కడ రాలే పువ్వు ఏరి అమ్ముకునే హక్కు ఆ ఇంటిది. ఇంకొకరు ముట్టరు. అయితే ఆ ఇంటివాళ్లే నలుగురిలో ‘మాది కాదు’ అన్నారంటే అది పోయినట్టే, మళ్లీ అడిగే ముఖం ఉండదు. అతని తల్లి బుజ్జికి ఆ చెట్టు అత్త చేతిమీదుగా వచ్చింది. భర్త పోయాక ఆమె నాదని చెప్పుకునేది అదొక్కటే.

పువ్వు రాలే ముందు చెట్టు కింద నేల శుభ్రం చేయాలి. పూర్వం ఎండుటాకులకు నిప్పు పెట్టేవాళ్లు. బాట వచ్చాక నిప్పు నిషేధం. ఆ తెల్లవారుజామున ప్రేమ్‌సింగే గేటు తీసి, చీపురుతో ఊడ్చుకోమని తల్లిని లోపలికి పంపాడు. మోకాళ్ల నొప్పితో ఆమె వంగలేకపోయింది. పక్కనే వాగుంది, మంట ఎటు పోతుందిలే అనుకుని అగ్గిపుల్ల గీసింది. గాలి లేచింది. పొద్దెక్కేసరికి వంతెన సగం బూడిదైంది.

రేంజర్ వచ్చేలోగా తండా అంతా చేరింది. బుజ్జి కూడా చీపురు పట్టుకుని వాళ్లలో నిలబడింది.

“యాడీ, నువ్వు నోరు విప్పకు,” అన్నాడు ప్రేమ్‌సింగ్ తల్లితో తమ భాషలో.

రేంజర్ చెట్టు కింది మసిని బూటుతో గీకాడు. “మీ తండాల చెట్టుకొక ఇల్లుంటదంట గద. ఈ చెట్టు ఎవరిది? గా పేరు చెప్పు, కేసు వాళ్ల మీదనే.”

ప్రేమ్‌సింగ్ మనసులో లెక్క వేసుకున్నాడు. మాదే అంటే తల్లి పోలీస్ ఠాణాకు పోతుంది, గేటు తీసింది ఎవరని అడుగుతారు, ఉద్యోగమూ పోతుంది. ఇంకొకరి పేరు చెబితే పాపం. వెనక వాగు, పక్కన కంచె, ఎదురుగా తండా. కదలడానికి అడుగు జాగా లేదనిపించింది.

“ఎవరిదీ కాదు సార్,” అన్నాడు. “అడవి చెట్టు.”

తండా పెద్ద రాంజీ తల పైకెత్తాడు. బుజ్జి నోరు తెరిచింది. కొడుకు కళ్లతోనే బతిమాలాడు. ఆమె నోరు మూసుకుంది.

“ఎవరిదీ కాకుంటే కేసు ఎవరి మీద వెడ్త? మరీ మంచిది,” అన్నాడు రేంజర్. “చుట్టూ సిమెంటు అరుగు కట్టిద్దాం. వచ్చినోళ్లు కూసుంటరు.”

ఆ రాత్రి ప్రేమ్‌సింగ్ అన్నం ముందు కూర్చుని సంజాయిషీ చెప్పుకున్నాడు. “నిన్ను కాపాడనీకే అట్ల అన్న, యాడీ.”

“నన్ను ఠాణాల వెట్టినా ఎన్నడో ఒకనాడు ఇంటికొస్తుంటి బేటా,” అంది బుజ్జి. “గా చెట్టు మల్ల ఇంటికొస్తదా?”

కాపాడింది తల్లినా, యూనిఫామునా అన్న అనుమానం అతనికి అప్పుడే మొదటిసారి గుచ్చుకుంది. సిగ్గుతో ముద్ద దిగలేదు.

అరుగు లేచింది, ఇప్పపువ్వు రాలడమూ మొదలైంది. పూలు చెప్పుల కింద నలిగి, సందర్శకులు జారిపడుతున్నారని ప్రేమ్‌సింగ్‌కు కొత్త పని తగిలింది. రోజూ పొద్దున్నే చెట్టు కింద ఊడ్చి పూలన్నీ వాగులో పారబోయాలి. తండాలో ఎవరూ గంప పట్టుకుని అటు రాలేదు. అతనితో మాట్లాడటమూ తగ్గించారు. గేటు లోపల పొద్దస్తమానం ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్కడే తిరిగేవాడు. మానేద్దామంటే ఇల్లు గడవదు. ఉందామంటే ఆ చెట్టు ముందునుంచే పోవాలి.

ఒకరోజు పొద్దున్నే గేటు బయట బుజ్జి కనిపించింది. చేతిలో గంప లేదు.

“సార్, జర గేటు తీస్తరా? చూసి పోత.”

“యాడీ, నన్ను సార్ అంటవేంది?” అన్నాడు. ఆమె తాళం వైపే చూసింది. అతను గేటు తీశాడు.

ఆమె ఊరినుంచి వచ్చిన చుట్టంలా అరుగు అంచున కూర్చుంది. ఒళ్లో పూలు రాలాయి. కాసేపు వాటిని చూసి, లేచి నిలబడి చీర దులుపుకుంది. పూలన్నీ కిందపడ్డాయి.

“బాగ ఊడువుండ్రి సార్,” అని మోకాళ్లు పట్టుకుంటూ గేటు వైపు నడిచింది.

అప్పుడే కారు వచ్చి ఆగింది. ప్రేమ్‌సింగ్ చీపురు అందుకున్నాడు.