వీసా కోటు

నేను ఒక కోటునన్న సంగతి ఏలూరులో చాలామంది మరచిపోయారు. కోటంటే ఒంటికి తొడుక్కునేది, చలి కాచేది. నన్ను మాత్రం పాత పట్టుపంచెలో చుట్టి, బీరువాలో దేవుడి పటాల కింది అరలో పెట్టి, శుక్రవారాలు సాంబ్రాణి పొగ వేసేవారు. ఏలూరులో చలికని కోటు తొడుక్కున్నవాణ్ణి నేనైతే ఎరగను. పెళ్లికి తొడుక్కుంటారు, ఫొటో అయిన మరుక్షణం విప్పి ఫ్యాను కిందికి పరిగెడతారు. నా పుణ్యమా అని ఊళ్లో కోటుకి రెండో పని పుట్టింది. అది వీసా.

నన్ను కుట్టింది పవర్‌పేటలో సత్తారు మాస్టరు. ముదురు నీలం గుడ్డ, లోపల మెరిసే అస్తరు, ముందు రెండు గుండీలు. భూషణ్ అనే ఇంజనీరింగు కుర్రాడి కోసం, వాళ్లక్క పెళ్లి రిసెప్షనుకి కుట్టాడు. కొత్తబట్టకి పసుపు పెట్టడం ఆచారం కనుక, అతని పిన్ని సుభద్రమ్మగారు నా కాలరు లోపలివైపు బొటనవేలితో ఇంత పసుపు అద్దారు. పెళ్లి హడావుడి ఇంకా తగ్గకుండానే భూషణ్‌కి చెన్నైలో వీసా ఇంటర్వ్యూ పడింది. ఒక చలిదేశంలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్పు. ఆ దేశం పేరు చెప్పను, అక్కడి ఆఫీసులవాళ్లు నొచ్చుకుంటారు. వేరే కోటు లేక నన్నే తొడుక్కుని వెళ్లాడు. వీసా వచ్చింది. కుర్రాడు బాగా చదివాడు, కాగితాలు సవ్యంగా ఉన్నాయి, వాళ్లకి మనిషి కావాలి, ఇచ్చారు. ఇంత మామూలు కారణం సుభద్రమ్మగారికి ఆనలేదు. కోటు కలిసొచ్చిందని ఆవిడ తేల్చేశారు.

ప్రయాణం రోజున పెట్టె తూకం ఎక్కువైంది. కోటు తియ్యాలా, ఆవకాయ తియ్యాలా అని ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చించారు. చలిదేశానికి వెళ్తున్న పిల్లాడి పెట్టెలోంచి కోటు తీసి సుభద్రమ్మగారి చేతికిచ్చి, ఆవకాయ ఉంచారు. నా మహర్దశ అక్కడే మొదలైంది.

ఆ తరవాత వీసాకి వెళ్లే ప్రతి కుర్రాడూ సుభద్రమ్మగారి గుమ్మం తొక్కాడు. నన్ను ఇచ్చేటప్పుడు ఆవిడ కొన్ని నియమాలు చెప్పేవారు. తూర్పుముఖంగా తొడుక్కోవాలి. కుడిచెయ్యి ముందు దూర్చాలి. తిరిగి ఇచ్చేటప్పుడు తాంబూలంలో పళ్లు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఉతకకూడదు. ఉతికితే కలిసొచ్చిన గుణం నీళ్లలో పోతుందట. కాబట్టి ఒకడి చెమట మీద ఇంకొకడి చెమట, ఒకడి భయం మీద ఇంకొకడి భయం పేరుకుంటూ వచ్చాయి. నా వాసన నాకే భరించరానిదిగా తయారైంది. దాన్ని కూడా మహిమ కింద జమకట్టారు.

వీసా వచ్చినవాళ్లందరికీ నా వల్లే వచ్చింది. రానివాళ్లకి మాత్రం వాళ్ల వల్లే రాలేదు. ఒకడు ఎడమచెయ్యి ముందు దూర్చాడన్నారు. ఇంకొకడి జాతకమే అంతన్నారు. మా ఊళ్లో దేవుడికైనా అప్పుడప్పుడు ఎవరో ఒకరు నిష్ఠూరమాడతారు, నన్ను మాత్రం పల్లెత్తు మాట అన్నవాళ్లు లేరు. నిజం చెప్పొద్దూ, నాకూ కొంచెం తలకెక్కింది.

అలాంటి రోజుల్లో హైమ వచ్చింది. లేతు షెడ్డు వీర్రాజుగారి అమ్మాయి. మెకానికల్ ఇంజనీరింగు చదువుతోంది. చిన్నప్పట్నుంచీ తండ్రి షెడ్డులో ఇనప రజను మధ్య పెరిగిన పిల్ల. అదే చలిదేశంలో, పంపుల భాగాలు చేసే ఫ్యాక్టరీలో ఆమెకి ఇంటర్న్‌షిప్పు దొరికింది. కాలేజీ మొత్తంలో ఆమె ఒక్కదానికే. అయితే అనుకున్న తేదీకి వీసాతో వచ్చి చేరాలి, అక్కడికి వెళ్లాక నివాస అనుమతి కార్డు కూడా తీసుకోవాలి. కార్డు లేనిదే మిషను ముట్టనివ్వరు. ఆలస్యమైతే వరసలో ఉన్న ఇంకొకరిని పిలుస్తామని ఫ్యాక్టరీవాళ్లు ముందే రాసేశారు. ఆ అవకాశం చేజారితే మళ్లీ రాదని హైమకి తెలుసు. అందుకని ఆ పిల్ల నిద్రలో కూడా తేదీలే లెక్కపెట్టుకునేది.

నన్ను చూసి ముక్కు మూసుకుంది. తనకి కోట్లమీద నమ్మకం లేదని తండ్రితో చెప్పేసింది. వీర్రాజుగారు ఇంజను ఆయిలు మరకల చేత్తో నన్ను జాగ్రత్తగా పట్టుకుని, మావాళ్లందరూ అనే మాటే అన్నారు.

“నమ్మమని ఎవరన్నారమ్మా? తొడుక్కుంటే పోయేదేవుంది?”

ఈ ఒక్క వాక్యం మీద మా దేశంలో ఎన్ని వ్యాపారాలు నడుస్తున్నాయో నాకు తెలియదు. నేనైతే దానిమీదే బతికాను.

మగవాడికి కుట్టిన కోటు కనుక ఆమె చేతివేళ్లు నా చేతుల్లోంచి బయటికి రాలేదు. చుడీదారు మీద నన్ను తొడుక్కుని చెన్నై ఆఫీసులో కౌంటరు అద్దం ముందు కుర్చీలో కూర్చుంది. అద్దం అవతల ఒక తెల్లావిడ, ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుంది. ఈ ఇంటర్న్‌షిప్పు ఎందుకని అడిగింది. కన్సల్టెన్సీవాళ్లు బట్టీ పట్టించిన జవాబు హైమ మొదలుపెట్టింది. ప్రపంచస్థాయి నైపుణ్యాలు నేర్చుకుని మాతృదేశానికి సేవ చెయ్యాలన్నది తన జీవితాశయం అనేది ఆ జవాబు. తెల్లావిడ చెయ్యెత్తి ఆపింది. ఈ వాక్యం పొద్దుట్నుంచీ చాలామంది నోట విన్నానంది. తరవాత నావంక చూసి, ఉక్కగా ఉన్నట్టుంది, కావాలంటే కోటు తీసెయ్యమంది.

హైమ నన్ను విప్పి కుర్చీ వీపుకి తగిలించింది. అక్కణ్ణించి మాట్లాడింది నేను కాదు, ఆ పిల్లే. తండ్రి షెడ్డులో పంపు ఇరుసులు ఎలా చెక్కుతారో, అవి ఎక్కడ తొందరగా అరుగుతాయో, ఆ అరుగుదల ఎందుకో తనకి అంతుపట్టక ఎలా వేధిస్తోందో చెప్పి, అది తెలుసుకోవాలనే వెళ్తున్నానంది. ఇంగ్లీషు తడబడింది, చేతులు మాత్రం తడబడలేదు, గాలిలో ఇరుసు చెక్కి చూపించాయి. తెల్లావిడ మరో రెండు ప్రశ్నలు వేసింది, జవాబులు శ్రద్ధగా వింది. ఆ సమయమంతా నేను ఆమె వెనక కుర్చీకి వేలాడుతూ ఉన్నాను. నేను చేసిన సాయం ఏమైనా ఉంటే అది ఒంటి మీద లేకపోవడమే.

వీసా వచ్చింది. సుభద్రమ్మగారు నాకు కొబ్బరికాయ కొట్టారు. కోటు విప్పేశానని హైమ చెప్పబోతే, విన్నవాళ్లు లేరు. పైగా కార్డు ఇంకా చేతికి రాలేదు కనుక పని సగమే అయిందని, నన్ను కూడా ఆమె పెట్టెలో పెట్టారు. ఈసారి ఆవకాయ తగ్గించారు. నా జీవితంలో అంతటి గౌరవం మరొకటి జరగలేదు.

అక్కడ దిగాక హైమని రైలుస్టేషనులో కలుసుకున్నది భూషణే, నా మొదటి యజమాని. ఇంటర్న్‌షిప్పు అయ్యాక అక్కడే ఉద్యోగం చూసుకుని, ఒక ముసలావిడ ఇంటి పై వాటా అద్దెకి తీసుకున్నాడు. అద్దె కాగితంలో ఉన్నది అతనూ, ఇంకో స్నేహితుడూ. ఇంట్లో ఉన్నది మాత్రం మనవాళ్లు బోలెడుమంది. గదిలో పరుపులు తప్ప నేల కనిపించదు. వంటింటి పక్క చిన్నగది హైమకి ఇచ్చాడు. ఇంటావిడ ఎప్పుడైనా మెట్లెక్కి వస్తే కుర్రాళ్లు సగంమంది బాత్రూములో దూరతారు. మిగిలినవాళ్లు టీకి వచ్చిన చుట్టాల్లా సర్దుకుని కూర్చుంటారు. ఈ విద్యలో వాళ్లు ఆరితేరారు. ఇంటావిడకి ఏమీ తెలియదని భూషణ్ నమ్మకం.

చిక్కు అక్కడే వచ్చింది. నివాస అనుమతి కార్డు కావాలంటే ముందు ఫలానా ఇంట్లో ఉంటున్నానని ఊరి ఆఫీసులో నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం కావాలి. భూషణ్‌ని అడిగితే తరవాత చూద్దాంలే అన్నాడు. మళ్లీ అడిగితే మనవాళ్లందరూ సర్దుకుపోతున్నారు కదా అన్నాడు. ఫ్యాక్టరీలో హైమని గాజుగోడ ఇవతల కూర్చోబెట్టారు. అవతల మిషన్లు తిరుగుతుంటే చూస్తూ ఉండటమే పని. వచ్చేవారంలోగా కార్డుకి దరఖాస్తు పెట్టిన రుజువు చూపించకపోతే ఇంకొకరిని పిలుస్తామన్నారు. ఆ సాయంత్రం వచ్చి, తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న నా చేతిలో ముఖం దాచుకుని ఏడ్చింది. అన్ని చెమటల్లోనూ ఏడుపు తడి నాకదే మొదటిసారి. మహిమ అనేది నిజంగా ఉంటే ఆ పూట చూపించేదాన్నే. లేదని నాకు బాగా తెలుసు.

మర్నాడు గంట మోగింది. ఇంటావిడ. కుర్రాళ్లు అలవాటు ప్రకారం బాత్రూములోకి పరిగెత్తారు. భూషణ్ తలుపు తీసి, హైమని చూపించి, దూరపు చెల్లెలు, ఊరు చూడ్డానికి వచ్చింది, రేపో ఎల్లుండో వెళ్లిపోతుందన్నాడు. హైమ నేర్చుకున్న నాలుగు ముక్కల ఆ దేశపు భాష కూడగట్టుకుంది.

“నేను ఇక్కడే ఉంటున్నానండి. మీ సంతకం లేకపోతే నా పని పోతుంది,” అంది.

 ఇంటావిడ పక్కకి జరిగి, గుమ్మం బయటికి వేలు చూపించింది. మెట్ల మీద పైనుంచి కిందిదాకా చెప్పులు, బూట్లు, స్లిప్పర్లు బారులు తీరి ఉన్నాయి. మనుషుల్ని దాచారు గానీ, చెప్పులతో ఇంట్లోకి రావడం పాపం కనుక వాటిని మాత్రం భక్తిగా బయటే విడిచారు. ఇన్నేళ్లుగా ఆ చెప్పులు చూసే ఇంట్లో ఎందరున్నారో ఆవిడ లెక్క చూసుకుంటోందట. ఎవరు నోరు విప్పి చెబుతారా అని ఎదురుచూశానంది. కింద తన వాటాలో ఒక గది ఖాళీగా ఉందని, హైమ అక్కడికి మారితే ఆ రోజే సంతకం పెడతానని చెప్పింది. మిగతా చెప్పుల సంగతి తరవాత మాట్లాడతానంది. బాత్రూములో ఎవరో తుమ్మారు.

“మనవాళ్ల పరువు బజార్న పెట్టావు గదా,” అన్నాడు భూషణ్, ఆవిడ దిగిపోయాక.

“పరువు మెట్లమీదే ఉందన్నయ్యా, చాలా రోజుల్నుంచి,” అని హైమ పెట్టె సర్దుకుంది.

కింది గదిలోకి మారిన రోజే నాకు గండం వచ్చింది. ఇంటావిడ నన్ను వాసన చూసి, మారుమాట లేకుండా బట్టల మిషనులో పడేసింది. హైమ స్నానం చేసి వచ్చేసరికి నేను గుండ్రటి అద్దం వెనక నురగలో గిరగిరా తిరుగుతున్నాను. మర్నాడే ఆమె కార్డు ఆఫీసుకి వెళ్లాలి. కోట్లమీద నమ్మకం లేని పిల్ల, ఇంజనీరింగు చదివిన పిల్ల, ఆ అద్దం ముందు చతికిలబడి రెండు చేతులతో తల పట్టుకుంది. ఆ దృశ్యం చూసి నవ్వాలో జాలిపడాలో నాకు తెలియలేదు. నాకేమో ప్రాణం లేచొచ్చినట్టయింది. ఎన్నాళ్ల భయాలో ఒక్కొక్కటే నీళ్లలో కలిసి పోయాయి. నేను మళ్లీ గుడ్డనయ్యాను.

ఆఫీసులో నావంక ఎవరూ చూడలేదు. కాగితాలు చూశారు, వేలిముద్రలు తీసుకున్నారు, తరవాతి మనిషిని పిలిచారు. దరఖాస్తు రుజువు చూసి ఫ్యాక్టరీవాళ్లు ఆగారు. కార్డు పోస్టులో వచ్చింది. హైమ గాజుగోడ దాటి మిషను ముందుకి వెళ్లింది.

ఆ వార్త విని సుభద్రమ్మగారు పొంగిపోయారు. ఇంతమందికి మేలు చేసిన కోటని మొదలెట్టారు. హైమ ఉండబట్టలేకపోయింది.

“పిన్నిగారూ, కార్డు ఆఫీసుకి వెళ్లే ముందురోజే కోటు ఉతికేశామండి.”

 ఆవిడ ఏడుస్తారేమోననుకున్నాను. ఫోనులో నెమ్మదిగా, నిలకడగా ఆవిడ గొంతు వినిపించింది.

“ఉతికిన సంగతి ఎవరికీ చెప్పకమ్మా. బుధవారం పంతులుగారబ్బాయికి ఇంటర్వ్యూ. ఈలోగా పంపించెయ్.”

అప్పుడు నా తలకెక్కింది కాస్తా దిగింది. కోటులో మహిమేమీ లేదని ఆవిడకీ మొదట్నుంచీ తెలుసు.

అప్పటికి అక్కడ మంచు మొదలైంది. కన్సల్టెన్సీవాళ్లు కొనిపించిన స్వెట్టరు ఆ చలికి ఏ మూలకీ చాలదు. హైమ ఆలోచించి, సంతలో పాతబట్టల దుకాణంలో నాలాంటిదే నీలం కోటొకటి కొంది. ఆ ఊరి ముసలాయన ఎవరో పోతే, పిల్లలు తెచ్చి పడేసినదట. ఊరికి వెళ్తున్న ఒకతనికిచ్చి దాన్ని పంపింది. గుండీలు మూడున్నాయేమని ఏలూరులో ఎవరో అడిగారట. విదేశం వెళ్లొచ్చింది కదా, ఒకటి పెరిగిందని సుభద్రమ్మగారన్నారట. పంతులుగారబ్బాయికి వీసా వచ్చింది. ఊరూ పేరూ తెలియని ఆ ముసలాయన కోటు ఇప్పుడు పట్టుపంచెలో, సాంబ్రాణి పొగలో ఉంది. అది సుఖపడుగాక. కొంతకాలం తలకెక్కుతుంది, తరవాత వాసనెక్కుతుంది.

నేను ఇక్కడ ఫ్యాక్టరీలో, బట్టలు మార్చుకునే గదిలో ఒక మేకుకి వేలాడుతున్నాను. నాకెవరూ దణ్ణం పెట్టరు. సాయంత్రం హైమ చేతులకి ఆయిలు తుడుచుకుని వచ్చి, అటు తూర్పో పడమరో చూడకుండా, దొరికిన చెయ్యి ముందు దూర్చి నన్ను తొడుక్కుంటుంది. కాలరు మెడదాకా ఎత్తి, ఉన్న రెండు గుండీలూ పెట్టుకుంటుంది, చలేస్తోంది కనుక.