అది గ్యాస్ కాదు

మా మరిదికి మందుల షాపుంది. డాక్టరు చదువు చదవలేదు గానీ, మా ఇంట్లో డాక్టరంటే అతనే. తుమ్మినా దగ్గినా అతని దగ్గరికే పరిగెత్తాలి. ఇంకో గుమ్మం తొక్కితే తమ్ముడి పరువు పోతుందని మా ఆయన బెంగ.

ఆ రోజు మా ఇస్త్రీ కొట్టులో కాలరు మీద పెట్టిన పెట్టె తీయడం మరిచిపోయాను. కమురు వాసన వచ్చేదాకా తెలియలేదు. ఇన్నేళ్ళలో ఒక్క చొక్కా కాల్చి ఎరగను. గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుంది, నొప్పి ఎడమ భుజం నుంచి దవడ దాకా లాగేస్తోంది, ఒళ్ళంతా చెమట. భయమేసింది.

మా ఆయన తమ్ముడికి ఫోన్ చేశాడు. అతను క్షణం కూడా ఆలోచించలేదు.

"గ్యాస్ అన్నయ్యా. షాపుకి తీసుకొచ్చెయ్. సిరప్ పోస్తే రెండు తేన్పులొచ్చి సర్దుకుంటుంది."

"విన్నావా? గ్యాసేనట!" అన్నాడు మా ఆయన, సగం రోగం తగ్గిపోయినట్టు.

ఆటో ఎక్కాం. కూడలి దగ్గర ఎడమకి తిరిగితే మరిది షాపు, కుడికి తిరిగితే గుండె ఆసుపత్రి.

"ఎడమకి పోనీ బాబూ."

"కుడికి," అన్నాను నేను.

ఆటో అతను నడిరోడ్డు మీద ఆపేశాడు. వెనక హారన్ల గోల.

"వాడేమనుకుంటాడే? ముందు వాడికి చూపిద్దాం. తగ్గకపోతే అప్పుడు..."

"అప్పుడు మోసుకెళ్తారా, అత్తయ్యని మోసుకెళ్ళినట్టు?"

నోరు జారాననుకోకండి, కావాలనే అన్నాను. అత్తయ్య కిందటేడు ఇలాగే చెమటలు కక్కుతూ, ఆ షాపు బెంచీ మీద సిరప్ తాగి, తేన్పు రాకముందే పోయింది. పాపం గ్యాస్ పట్టేసి పోయిందని ఇప్పటికీ చుట్టాలకు చెప్పుకుంటున్నారు.

"గ్యాస్‌తో పోవడానికి మీ అమ్మేమన్నా సిలిండరా? ఆవిడది గుండె. మీకూ తెలుసు, మీ తమ్ముడికీ తెలుసు. అతని పరువు కోసం నా ప్రాణం ఇవ్వను. మీరు దిగండి, నేను వెళ్తాను."

ఆయన దిగలేదు. ఫోన్ మోగింది, తమ్ముడే. కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు.

"కుడికే పోనీ," అన్నాడు.

ఆసుపత్రిలో ఛాతీకి వైర్లు తగిలించారు. డాక్టరమ్మ కాగితం చూసి, గుండెపోటేననీ వేళకి తెచ్చారనీ చెప్పి, మనుషుల్ని పురమాయించింది. నర్సు నా చేతికి సూది గుచ్చుతూ అడిగింది.

"మీ ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బుందా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు.

"మా అమ్మ గుండెపోటుతోనే పోయింది."

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. నొప్పికి రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు.

"నేనడిగేది ఆవిడ పుట్టింటివాళ్ళ సంగతండీ," అంది నర్సు. "అత్తగారి జబ్బు కోడలికెందుకొస్తుంది?"

"ఎందుకు రాదు తల్లీ?" అన్నాను. "ఇంటిల్లిపాదికీ డాక్టరు ఒకడే."