ఐదో ఎందుకు

పెళ్ళయి ఇరవై ఆరు రోజులు. "మా ఆయన" అనే మాట నోటికి ఇంకా కొత్తగానే ఉంది. ఎవరూ అడగకపోయినా రోజుకు పదిసార్లు వాడుతున్నాను. ఆ మాట పైకి అనలేని రోజు ఒకటి ఇంత తొందరగా వస్తుందనుకోలేదు.

మాది బిస్కెట్ల ఫ్యాక్టరీ. నేను మరమ్మతుల ఇంజనీర్ని. ప్యాకింగ్ హాలుకు పైన, అద్దాల గదిలో కూర్చుంటాను. కింద హాలుకు ఇన్‌చార్జి మా ఆయన. తలెత్తితే నేను, తలదించితే ఆయన. ఇంతకంటే ఏం కావాలి?

పెట్టెల్ని మోసే బెల్టు ఈ మూడు నెలల్లో నాలుగోసారి ఆగిపోయింది. నాలుగుసార్లూ గేరు పళ్ళే విరిగాయి. విరిగినప్పుడల్లా కొత్త గేరు వేశాం, "మార్చాం" అని రాశాం, చేతులు దులుపుకున్నాం. ఈసారి మేనేజరు నా ముందు ఒక కాగితం పెట్టాడు. అందులో ఐదు గడులు. ప్రతి గడి పైనా ఒకటే ప్రశ్న: ఎందుకు? మొదటిదానికి రాసిన జవాబును పట్టుకుని రెండోదానిలో మళ్ళీ ఎందుకని అడగాలి. అలా ఐదుసార్లు.

"నాకు తెలిసిన జవాబు ఒక్కటేనమ్మా. ఫిట్టరు గ్రీజు పెట్టలేదు," అన్నాడు మేనేజరు. "ఆయన్ని ఇంటికి పంపే కాగితం సిద్ధంగా ఉంది. వేరే కారణముంటే నాలుగింటికల్లా పేర్లతో సహా రాసివ్వు."

ఫిట్టర్ని ఫ్యాక్టరీ అంతా బాబాయ్ అంటుంది. గ్రీజు డబ్బా ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

"నిజం చెప్పు బాబాయ్. పెట్టావా?"

"నా తలకి నూనె పెట్టుకోవడం మర్చిపోయానేమో గానీ దానికి గ్రీజు మర్చిపోలేదమ్మాయ్. చూడు, తల ఎలా తయారయిందో!" బట్టతల నిమురుకున్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఇంకో పదకొండు నెలలే సర్వీసు. ఈ వయసులో నన్నింకెవరు పెట్టుకుంటారు?"

బెల్టు కిందకి దూరాను. గేర్ల నిండా గ్రీజు ఉంది. పళ్ళెందుకు విరిగాయి? మలుపులో పెట్టెలు ఇరుక్కున్నా బెల్టు లాగుతూనే ఉంది కనక. ఎందుకు ఆగలేదు? దాన్ని ఆపాల్సిన సెన్సరు కంటికి అడ్డంగా ఎవరో మెరిసే టేపు అంటించారు. తన వెలుతురే తనకు తిరిగొస్తుంటే దారంతా ఖాళీయే అనుకుంటోంది పిచ్చిది.

టేపు పీకబోయి ఆగాను. చివర చిన్న మడత ఉంది, గోటికి చిక్కేలా.

మా ఇంట్లో ఉప్పు ప్యాకెట్టు మూతికి అంటించే టేపుకు కూడా ఆ మడత ఉంటుంది. పెళ్ళయిన మూడో రోజు అది కనిపెట్టి అక్కకు ఫోను చేసి మరీ మురిసిపోయాను: "మీ మరిది నా గోళ్ళ గురించి కూడా ఆలోచిస్తాడక్కా!"

టేపు పీకి చేతపట్టుకుని ఆయన్ని పైకి పిలిచాను. "ఏవండీ" అని నోటిదాకా వచ్చింది.

"ఇన్‌చార్జి గారూ, ఇది మీదేనా?"

ఆయన మొహం పాలిపోయింది. "గంటకి ఆరుసార్లు ఊరికే ఆగిపోయేదోయ్. ఆగిన ప్రతిసారీ పైనుంచి ఫోను. కాస్త ఊపిరి పీల్చుకుందామని అంటించా. తీసేద్దామనుకుంటూనే పెళ్ళి పనుల్లో పడిపోయా."

"నాకెందుకు చెప్పలేదు?"

"అప్పటికి నువ్వింకా ఇంజనీరు మేడమ్‌వే. తిడతావని భయం."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఇంకా భయం."

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మూడున్నరయింది. నాలుగు వైపులా అద్దాలే, ఎటు తిరిగినా ఎవరో ఒకరు చూస్తున్నారు. రాస్తే మా ఆయన, రాయకపోతే బాబాయ్.

"రాసెయ్. బాబాయ్ మొహం చూడలేకపోతున్నా," అన్నాడు మా ఆయన.

ఇన్నాళ్ళూ పుస్తకాల చివరి పేజీల్లో సరదాగా రాసుకున్న పేరును రెండో గడిలో రాశాను. మూడోది: టేపెందుకు? సెన్సరు ఊరికే ఆపేస్తోంది. నాలుగోది: ఊరికే ఎందుకు? కిందకెళ్ళి సెన్సరుకు ఎదురుగా ఉండే అద్దం బిళ్ళ మీద వేలు పెట్టి చూశాను. వేలు తెల్లబడింది. బిస్కెట్ల పొడి. వెలుతురు తిరిగిరాక, దారిలో పెట్టె ఇరుక్కుందనుకుని ఆపేసేదన్నమాట.

పొడిని బయటికి పీల్చేసే ఫ్యాను సరిగ్గా పైన నా అద్దాల గది కిటికీ పక్కనుంది. తిరగడం లేదు.

"ఇదెందుకు ఆగింది బాబాయ్? ఎవరాపారు?"

"నువ్వే కదమ్మాయ్!" అన్నాడాయన, నన్ను ఎరగనట్టు చూస్తూ. "పెళ్ళి కుదిరిన కొత్తలో. ఈ చప్పుడుకి ఫోను వినపడట్లేదు, ఒక్క పావుగంట ఆపు బాబాయ్ అన్నావు. మళ్ళీ వెయ్యమనలేదు."

అవును. అద్దం ఇవతల నేను, అవతల ఆయన. ఒకరికొకరు కనపడుతూ టీ వేళల్లో ఫోన్లో గుసగుసలాడుకున్న రోజులవి. ఎంత బాగుండేవో!

పైకొచ్చి ఐదో గడిలో నా పేరు రాశాను.

నాలుగింటికి మేనేజరు రెండుసార్లు చదివాడు. "ఇందులో ఫిట్టరు ఎక్కడ?"

"ఇందులో లేడండీ. కింద ఫ్యాను వేస్తున్నాడు."

మేనేజరు, బాబాయ్‌ని ఇంటికి పంపే కాగితాన్ని మధ్యకు చించి బుట్టలో పడేశాడు. ఇంకో తెల్ల కాగితం తీశాడు. నా వైపు చూశాడు, అద్దంలోంచి కిందకు, మా ఆయన వైపు చూశాడు.

"ఇక మీ ఇద్దరి సంగతి..." అని మొదలుపెట్టాడు.

అంతలో ఫ్యాను అందుకుంది. గది అద్దాలన్నీ దడదడలాడాయి. మేనేజరు పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఏమంటున్నాడో ఒక్క ముక్క వినపడలేదు. కింద మా ఆయన తలెత్తి, ఏమంటున్నాడని చేత్తో అడిగాడు.