గ్లాసెడు సరస్సు

మా ఆఫీసులో ఫైలు తెరిచేముందు ప్యాంటు మడుచుకోవాలి. అమెరికాలో డులూత్ అనే ఊళ్ళో, సుపీరియర్ సరస్సు లెక్కలు చూసే ఆఫీసు మాది. ఫైల్లోంచి ఎంత అడిగితే అంత సరస్సు గదిలోకి వస్తుంది. అందుకే బుద్ధున్నవాళ్ళు ఫలానా చోటు, ఫలానా గంట అని గ్లాసెడే అడుగుతారు.

వెండెల్ నీమీ మొన్న ఒక వేసవి మొత్తం తెరిచాడు.

నేను తలుపు తీసేసరికి నడుం లోతు నీళ్ళు. నా శాండ్‌విచ్ తేలుతూ ఎదురొచ్చింది. ఒళ్ళు మండిపోయింది. వెండెల్ బీరువా ఎక్కి, చేతిలో గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"ముప్ఫై ఏళ్ళ సర్వీసు పెట్టుకుని ఇదేం పనయ్యా? గంట చెప్పి అడగొచ్చుగా?"

"ఏ గంటో గుర్తులేదు. వేలు ముంచి ముంచి వెతికాను. ఇదిగో, దొరికింది."

పెళ్ళైన కొత్తలో అతని భార్య లోర్నా సరస్సులో కాలు పెట్టిన ఉదయం అది. "వెచ్చగానే ఉంది, దిగు" అని వీడు అబద్ధమాడాడట. ఆవిడ దిగి, "చంపేశావు కదయ్యా!" అని ఒడ్డంతా వినపడేలా అరిచిందట. ఆవిడ పోయి ఏడాదైంది. డిస్కులో చోటు చాలక పాత ఫైళ్ళు ఆ సాయంత్రమే చెరిపేస్తున్నారు.

"దొరికింది కదా, సరస్సుని పంపించెయ్."

"పోవట్లేదు."

ఎందుకు పోతుంది? ముంచిన గ్లాసు చేతిలో ఉన్నంతసేపూ, తనతో ఇంకా పనుందనుకుని సరస్సు కదలదు. వేరే గ్లాసులోకి నకలు ఒంపుకుని, మొదటిది వదిలెయ్యాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఈ ముక్క నేర్పేది వెండెలే.

మా అధికారి బ్రెన్నా చేపలు పట్టే పొడుగు బూట్లేసుకుని వచ్చింది. "వెండెల్, నీళ్ళు కిటికీలో ఎయిర్ కండిషనర్ దాకా వచ్చేశాయి. మెమరీ నిండితే కంప్యూటరు ఎవర్నీ అడగదు. ఎక్కువ పట్టుకున్నవాళ్ళని ఆపేసి, చేతిలో ఉన్నదంతా పారబోస్తుంది. ఆ గ్లాసు కూడా. మీకు తెలీదా?"

"తెలుసమ్మా. కానీ నకలు నకలే కదా."

నీళ్ళు నా గడ్డానికొచ్చాయి. పైన కంప్యూటరు గురగురమంది. నాకు కోపం పోయి భయమేసింది. వీడికి ఆ ఉదయం కూడా మిగలదేమో! కాఫీ తాగిన కాగితం కప్పు పైకెత్తి పట్టుకున్నాను.

"ఒంపు, ఎదవా!"

వంగి ఒంపాడు. నకలు కాబట్టి గ్లాసు నిండుగానే ఉంది. దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత వేళ్ళు వదిలేశాడు.

సరస్సు బల్లల్నీ కుర్చీల్నీ కిందకి దించి, తలుపులోంచి వెళ్ళిపోయింది. నేల ఆరిపోయింది. వెండెల్ బీరువా దిగి, కప్పులో వేలు పెట్టాడు. అతని మొహంలోకి చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు.

"ఎలా ఉంది?" అన్నాను.

"వెచ్చగానే ఉంది. నువ్వూ చూడు."

వేలు పెట్టాను. చలి ఎముక దాకా దిగింది.

"చంపేశావు కదయ్యా!" అని అరిచాను.

ఏడాదిలో మొదటిసారి వెండెల్ నవ్వాడు.