ఉప్పు పాసు

"కాస్త ఎడంగా నిలబడండర్రా!" అని రూతు ఆ సాయంత్రం అరవడం అది పద్నాలుగోసారి. అరిచినప్పుడల్లా పిల్లలు బుద్ధిగా ఎడంగానే నిలబడుతున్నారు. ఈల మోగడమే ఆలస్యం, ఐదుగురూ ఒకచోటికి చేరి పక్కవాళ్ళ చెయ్యి పట్టేసుకుంటున్నారు.

తప్పు పిల్లలది కాదు. సామర్లకోటలోని ఆ ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో నిన్నమొన్నటిదాకా వాళ్ళాడింది కబడ్డీ. కూతకొచ్చినదాన్ని పట్టాలంటే చేతులు కలపాల్సిందే. అసలు ఆడారనడం కూడా కొంచెం ఎక్కువే. జట్టులో వాళ్ళు ఎగస్ట్రాలు. కాలేజీలో చేరిన దగ్గర్నుంచీ గీత బయట కూర్చుని, ఆడేవాళ్ళ చెప్పులకీ చున్నీలకీ కాపలా కాసి, చివర్లో గట్టిగా చప్పట్లు కొట్టిన బంగారు తల్లులు.

ఆ చప్పట్లు చూసినప్పుడల్లా ఫిజికల్ డైరెక్టర్ రూతుకి ప్రాణం ఉసూరుమనేది. కిందటేడు విశాఖలో మూడు రోజుల శిక్షణకి పంపిస్తే వెళ్ళి, కోడిగుడ్డుని రెండు వైపులా లాగినట్టుండే ఒక బంతితో తిరిగొచ్చింది. ఫ్లాగ్ ఫుట్‌బాల్. అమెరికా వాళ్ళ ఫుట్‌బాలే గాని, ఇందులో గుద్దుకోవడాలూ పడదోయడాలూ లేవు. జట్టుకి ఐదుగురు. నడుముకి రెండు పక్కలా గుడ్డ పట్టీలు వేలాడతాయి. బంతి ఉన్నదాని పట్టీ అవతలివాళ్ళు లాగేస్తే ఆట అక్కడితో ఆగుతుంది. బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఎగస్ట్రాలు సరిగ్గా ఐదుగురున్నారు కదా అని రూతు ఆ రోజే జట్టు కట్టేసింది.

కట్టడం తేలికే. ఐదు మ్యాచ్‌లాడారు, ఐదూ ఓడారు. ఓడితే ఓడారు, ఒక్క పాయింటైనా రావాలి కదా! అదీ లేదు. చివరికి ప్రిన్సిపాల్ లోకనాథ్ గారు రూతుని గదికి పిలిచి, కుర్చీ చూపించి, కాఫీ తెప్పించారు. ఆయన కాఫీ తెప్పించారంటే మంచి మాట కాదని స్టాఫందరికీ తెలుసు.

"నాకు మీ మీద ఏం కోపం లేదమ్మా. రాజమండ్రి టోర్నమెంటుకి వెళ్ళండి, నేనూ వస్తాను. గెలవక్కర్లేదు. ఒక్కసారి ఆ గీత దాటించండి చాలు. దాటకపోతే మాత్రం ఈ ఆట మానేద్దాం. పిల్లలు మళ్ళీ కబడ్డీలోకి వెళ్ళిపోతారు."

కబడ్డీలోకి కాదు, గీత బయటికి, అనుకుంటూ రూతు లేచింది. కాఫీ తాగలేదు.

ఓడిపోవడానికి కారణం ఆవిడకి తెలుసు. మనవాళ్ళు అర్భకులు. మధ్యలోంచి దూసుకుపోదామంటే అవతలివాళ్ళు గోడ కట్టినట్టు నిలబడి చటుక్కున పట్టీ లాగేస్తున్నారు. అందుకే ఫోన్లో వీడియోలు చూసి చూసి, కళ్ళు మంట పుట్టి, స్ప్రెడ్ అనే పద్ధతి ఒకటి పట్టుకుంది. మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా మనవాళ్ళని పరిచెయ్యాలి. మనం పరుచుకుంటే అవతలివాళ్ళు కూడా మన వెంట పరుచుకోక తప్పదు. అప్పుడు గోడలో సందులు పడతాయి. ఆ సందుల్లోకి బంతి విసరాలి.

"వడియాలు పెట్టడం చూశారా ఎప్పుడైనా? పక్కపక్కన పెడితే ఏమవుతుంది?" అని అడిగింది పిల్లల్ని.

"అంటుకుపోతాయండి," అంది రమ్యశ్రీ. ఫైనలియర్ పిల్ల, అందరిలోకీ పెద్దది.

"మీరూ అలాగే అంటుకుపోతున్నారు. ఎడంగా ఉండాలి. ఎడంగా ఉంటేనే ఎండుతాయి."

వడియాల మాట పనిచేసింది. వారం తిరిగేసరికి పిల్లలు చేతులు పట్టుకోవడం మానేశారు. అప్పుడు బయటపడింది అసలు చిక్కు, లోవలక్ష్మి.

బంతి విసిరేది లోవలక్ష్మే. యానాం అవతల బెస్తవాళ్ళ పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది. నాన్న పడవ ఒడ్డుకొచ్చేటప్పుడు చిన్నప్పటి నుంచీ తాడు విసిరిన చెయ్యి అది. బంతి విసిరిందంటే బుల్లెట్టే. కానీ తాడు ఎవరికి విసురుతారు? ఒడ్డున కదలకుండా నిలబడి, చేతులు చాచి, మన కళ్ళలోకి చూస్తున్నవాళ్ళకి విసురుతారు. లోవలక్ష్మికి ఆ అలవాటు ఎముకల్లోకి దిగిపోయింది. బంతి అందుకోవాల్సిన రూబీ పరిగెడుతుంటే, తను బంతి పట్టుకుని అలా చూస్తూ నిలబడిపోయేది. రూబీ ఆగి, వెనక్కి తిరిగి, చేతులు చాచాక అప్పుడు విసిరేది. ఈలోగా అవతలిది వచ్చి రూబీ పక్కన నిలబడేది. లేదంటే ఏడు సెకన్లు అయిపోయేవి. ఏడు సెకన్లలో బంతి చెయ్యి దాటకపోతే ఆ ప్రయత్నం పోయినట్టే.

"రూబీకి కాదే, రూబీ వెళ్ళే చోటికి వెయ్యి!"

"అక్కడెవరూ లేరు కదండి!"

"నువ్వేసేసరికి వస్తుంది!"

"రాకపోతేనోండి?"

రూతు సుద్దముక్కతో గీసి చూపించింది, తనే పరిగెత్తి చూపించింది, కోప్పడింది, బతిమాలింది. లోవలక్ష్మి ప్రతిదానికీ "ఆయ్, అలాగేనండి" అని తలూపి, మళ్ళీ రూబీ కళ్ళలోకి చూస్తూ నిలబడేది. టోర్నమెంటుకి ఇంకా తొమ్మిది రోజులుందనగా రూతుకి ఆశ దాదాపు పోయింది. లోవలక్ష్మిని తీసేసి రమ్యశ్రీ చేత విసిరిద్దామా అనుకుంది. రమ్యశ్రీ విసిరితే బంతి గట్టిగా పది గజాలు పోతుంది, అదీ గాలి మనవైపు ఉంటే.

ఆ మర్నాడు మధ్యాహ్నం హాస్టల్ మెస్సులో పిల్లలతోపాటే భోజనానికి కూర్చుంది. వంకాయ కూర, పప్పుచారు. వంటావిడ సంపూర్ణమ్మ వడ్డిస్తోంది.

"పిన్నిగారూ, కొంచెం ఉప్పండి," అని లోవలక్ష్మి చెయ్యి చాచింది.

సంపూర్ణమ్మ ఉప్పు గిన్నె ఆ చేతికివ్వలేదు. చెయ్యి పక్కనున్న బల్ల మీద ఠక్కున పెట్టేసి, వెనక్కి కూడా చూడకుండా చారు బకెట్టుతో అవతలి వరసకి వెళ్ళిపోయింది. ఉప్పు చేతికిస్తే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ తగూ వస్తుందని. రూతు వాళ్ళది మూడు తరాల లూథరన్ క్రైస్తవ కుటుంబం. శకునాలన్నీ వదిలేసిన వాళ్ళమ్మ కూడా ఉప్పు దగ్గరికొచ్చేసరికి "అక్కడ పెట్టాను, తీసుకో" అనేది. లోవలక్ష్మి కూడా ఏమీ ఆలోచించకుండా చాచిన చెయ్యి పక్కకి జరిపి గిన్నె తీసుకుంది.

రూతు ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"లోవా! సంపూర్ణమ్మగారు గిన్నె నీ చేతికెందుకివ్వలేదే?"

"ఉప్పు కదండి, చేతికివ్వకూడదండి."

"మరి నీకెలా అందింది?"

"అక్కడ పెట్టారండి. నేను తీసుకున్నానండి."

"నువ్వు తీసుకుంటావో లేదో అని ఆవిడ నిలబడి చూసిందా?"

"ఎందుకు చూస్తారండి? కావాల్సినదాన్ని నేను కదండి, తీసుకోనా?" అని నవ్వబోయి, ఆ పిల్ల సగంలో ఆగింది. ఒకసారి గిన్నె వైపు చూసింది, ఒకసారి ఎదురుగా పప్పుచారు జుర్రుతున్న రూబీ వైపు చూసింది. "అంటే... బంతి రూబీ చేతికివ్వకూడదాండి?"

"ఇవ్వకూడదు. ఇస్తే తగూ. అది వచ్చే చోట పెట్టేసి నీ దారి నువ్వు చూసుకో."

చేతులు కడిగారో లేదో, ఎర్రటి ఎండలో మైదానంలోకి పరిగెత్తారు. రూబీ గీత వెంట పదడుగులు తీసి, మూలకి తిరిగింది. అది తిరుగుతుండగానే లోవలక్ష్మి విసిరేసింది. ఎవరూ లేని చోటికి బంతి గిర్రున తిరుగుతూ వెళ్ళింది. రూబీ తలెత్తేసరికి బంతి గుండెల మీద ఉంది. "అమ్మో!" అని కావిలించుకుని కింద కూలబడింది. రూతు ఆ ఎండలో చిన్నపిల్లలా గంతులేసింది. అప్పటికప్పుడు ఆ ఎత్తుకి ఉప్పు పాసు అని పేరు పెట్టేశారు. తర్వాత కారం పాసూ చింతపండు పాసూ కూడా పుట్టుకొచ్చాయి గాని, ఉప్పుకి ఉన్న రుచి దేనికీ రాలేదు.

రాజమండ్రిలో విశాఖ నుంచి వచ్చిన జట్టుతో మ్యాచ్ పడింది. ఒక్కొక్కరూ తాటిచెట్టంత ఉన్నారు. లోకనాథ్ గారు అన్నమాట ప్రకారం వచ్చి, గీత పక్కనే గొడుగు వేసుకుని కూర్చున్నారు. ఇంటర్వెల్‌కి ఇరవై – సున్నా. ఆ సున్నా మనది.

కానీ ఈసారి సున్నా మునుపటి సున్నా కాదు. పిల్లలు మైదానమంతా పరుచుకుంటుంటే విశాఖ వాళ్ళు ఎవరి వెనక పోవాలో తెలియక ఒకరి మీద ఒకరు కేకలేసుకుంటున్నారు. బంతి రెండుసార్లు సగం మైదానం దాటింది. రెండో సగంలో లోవలక్ష్మి ఒక ఉప్పు పాసు వేసింది. ఎవరి పట్టీకీ ఎవరి చెయ్యీ అందనంత చక్కని చోట, గీతకి నాలుగడుగుల దూరంలో. అక్కడికి ఫస్టియర్ లక్ష్మీదుర్గ ఇటునుంచీ, రమ్యశ్రీ అటునుంచీ ఒకేసారి చేరారు.

లక్ష్మీదుర్గ ఠక్కున ఆగి, "మీరు తీసుకోండక్కా," అంది.

"పర్లేదు, నువ్వు తీసుకో," అంది రమ్యశ్రీ.

బంతి ఇద్దరి మధ్యా నేల మీద పడి, నాలుగు గెంతులు గెంతి ఊరుకుంది. విశాఖ పిల్లలు పడీ పడీ నవ్వారు. లోకనాథ్ గారు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. రూతుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టైమవుట్ అడిగి ఇద్దర్నీ దగ్గరికి పిలిచింది.

"మీ మర్యాద మండా! బంతి దగ్గర అక్కా లేదు, చెల్లీ లేదు. ఎవరికి దగ్గరుంటే వాళ్ళు లాక్కోండి. క్షమాపణలు రైల్లో చెప్పుకోవచ్చు."

"ఆయ్," అన్నారిద్దరూ తలలొంచుకుని.

విశాఖ వాళ్ళు ఇంకో ఆరు చేర్చుకున్నారు. మన చేతికి బంతి వచ్చేసరికి రెండు నిమిషాలు మిగిలాయి. తంటాలుపడి సగం గీత దాటారు. అక్కణ్ణుంచి మూడు ప్రయత్నాలు పోయాయి. ఇది నాలుగోది, ఆఖరిది. గీత ఇంకా ఇరవై గజాలుంది. దగ్గరగా ఉన్న రమ్యశ్రీకి వెయ్యమని అరుద్దామని రూతు నోరు తెరిచింది. దగ్గరి పాసైతే కనీసం చేతికందుతుంది. అందుతుందిగాని గీత దాటదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెరిచిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

బంతి లోవలక్ష్మి చేతిలోకి వచ్చింది. ఒకటి, రెండు, మూడు. రూబీ ఎడమ కొస నుంచి నడిమికి పరిగెడుతోంది, వెనక ఇద్దరు తరుముతున్నారు. లోవలక్ష్మి అటు చూడనైనా చూడలేదు. కుడివైపు మూలకి, పచ్చగడ్డి తప్ప ఏమీ లేని చోటికి, చెయ్యి చాచి పెట్టేసింది.

"అయిపోయింది," అన్నారు లోకనాథ్ గారు.

రూబీ మైదానాన్ని అడ్డంగా కోసుకుంటూ వచ్చింది. తరిమేవాళ్ళలో ఒకమ్మాయి జారి పడింది, ఇంకో అమ్మాయి చెయ్యి పట్టీకి వేలెడు దూరంలో గాలిని పట్టుకుంది. బంతి దిగేచోటికి రూబీ వచ్చింది. అడక్కుండా, ఆగకుండా తీసుకుంది. గీత అవతల బొక్కబోర్లా పడి, పడ్డచోటి నుంచే బంతిని పైకెత్తి చూపించింది.

తర్వాత ఏం జరిగిందో రూతుకి సరిగ్గా గుర్తులేదు. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారని తెలుసు. తన గొంతు పోయిందని తెలుసు. లోకనాథ్ గారు గొడుగు వదిలేసి, "ఆరు! ఆరు!" అని ఎవరికో లెక్క చెబుతున్నారు. మ్యాచ్ ఓడిపోయామన్న సంగతి ఆయనకి తట్టినట్టు లేదు.

అంతలో రిఫరీ పరుగున వచ్చాడు.

"మేడమ్, ఒకటాండి, రెండాండి?"

"ఏంటండి?"

"టచ్‌డౌన్ తర్వాత ఇంకో ఛాన్సుంది కదండి. ఐదు గజాల నుంచైతే ఒక పాయింటు, పది నుంచైతే రెండు. ఏది ఆడతారు?"

రూల్సు పుస్తకం రూతుకి కంఠతా వచ్చు, ఆ ఒక్క పేజీ తప్ప. ఆ పేజీ వచ్చినప్పుడల్లా, మనకెందుకులే అని తిప్పేసింది. గీత దాటండి, దాటండి అని ఏడాదిగా పిల్లల్ని తరిమిందే గాని, దాటుతారని తను నమ్మలేదన్నమాట. ఒక్క క్షణం ఆవిడకి తలకొట్టేసినట్టయింది.

పిల్లలు చుట్టూ మూగారు. ఒంటినిండా మట్టి, మొహాల నిండా నవ్వు.

"ఏ పాసు మేడమ్?" అంది లోవలక్ష్మి.

"ఇది నేర్పలేదర్రా. ఇక్కడిదాకా వస్తారనుకోలేదు నేను. తప్పు నాదే."

లోవలక్ష్మి మేడమ్ చెయ్యి పట్టుకుని, "పర్లేదండి. మేం ఏదోటి చూసుకుంటాం, మీరు కూర్చోండి," అంది. రిఫరీ వైపు తిరిగి రెండు వేళ్ళు చూపించింది. ఐదుగురూ గుసగుసలాడుకుంటూ మైదానంలోకి వెళ్ళిపోయారు.

లోకనాథ్ గారు పక్కకి వచ్చి నిలబడ్డారు. "ఇప్పుడేం చేస్తారమ్మా?"

"తెలీదండి," అంది రూతు కళ్ళు తుడుచుకుంటూ. "నేనూ ఇప్పుడే చూడ్డం."