బావగారి రెప్పలు

డ్రైవర్ల ఎదురుగా కెమెరా పెట్టి, కునుకు తీసేవాళ్ళను పట్టిచ్చే కంపెనీలో తమ్ముడికి ఉద్యోగం. రెప్ప ఎంత వాలితే నిద్ర అనాలో తేల్చింది అతనే. ఆ కెమెరా బస్సు నడిపే బావను వారం తిరక్కుండానే నిద్రపోతుగా తేల్చి ఇంట్లో కూర్చోబెట్టింది. బావ రెప్పలు పుట్టుకతోనే సగం వాలి ఉంటాయి. పెళ్ళి ఫోటోలో కూడా ఆయన కునుకు తీస్తున్నట్టే ఉంటాడు.

అక్క పోరు పడలేక తమ్ముడు ఆఫీసులో నోరు విప్పాడు. పై అధికారికి కళ్ళు చెమర్చాయి. ఇలాంటి మనస్సాక్షి ఉన్నవాళ్ళే కంపెనీకి కావాలని భుజం తట్టాడు. ఉద్యోగుల బంధువుల జోలికి కెమెరా పోకూడదని అప్పటికప్పుడు నియమం పెట్టించాడు.

తమ్ముడు ఆ శుభవార్త మోసుకుని అక్క ఇంటికి వెళ్ళాడు.

"రేపట్నుంచి డ్యూటీకి వెళ్ళొచ్చు బావా. నువ్వు గుర్రుపెట్టినా అది కిమ్మనదు."

బావ కంచంలోంచి తలెత్తాడు. "మా డిపోలో నాలాంటి కళ్ళున్నవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళనీ కూర్చోబెట్టారు. వాళ్ళ సంగతేంటి?"

"వాళ్ళకి మా ఆఫీసులో ఎవరూ లేరుగా."

"అంటే బస్సు నడపాలంటే లైసెన్సుతో పాటు ఓ బామ్మర్ది కూడా ఉండాలన్నమాట."

"ఆ లెక్కేదో మార్చెయ్యరాదట్రా? పెట్టింది నువ్వేగా," అంది అక్క.

"మారిస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టవుతుంది కదక్కా."

"అయితే వాళ్ళు బస్సెక్కిన రోజే నేనూ ఎక్కుతాను," అన్నాడు బావ చెయ్యి కడుక్కుంటూ. "అప్పటిదాకా మా ముగ్గురికీ భోజనం మీ ఇంట్లోనే. రేపట్నుంచే వస్తాం."

అక్క అప్పటికే మరదలికి ఫోను కలుపుతోంది.